గట్టెక్కడం

మా వైపు కొండల్లేవు.
సైకిలు ఎటు తిప్పినా నేల అరచెయ్యిలా ఉంటుంది.
అయిదింటికి లొల్ల లాకుల దగ్గర బయల్దేరితే
ఎక్కాల్సినవి మూడే మూడు:
లాకుల వంతెన,
పంటబోదె మీద కొత్తగా పోసిన కల్వర్టు,
చివర్న ఏటిగట్టు.
మొదటి రెండూ లెక్కలోకి రావు.

నలభై మూడో ఏట నేర్చుకున్నాను సైకిలు.
అంతకుముందు ఇరవయ్యేళ్లు
ఏటవాలంటే ఏమిటో బోర్డు మీద చెప్పాను,
ఎత్తుని పొడవుతో భాగించండి అని.
నా మోకాళ్లు ఆ క్లాసులో లేవు.

నేర్పింది ఎనిమిదో తరగతి గంగాభవాని.
"కిందకి చూడకండి మేడం,
చూపెటుంటే చక్రం అటే పోద్ది."
రెండుసార్లు బోదెలోకే చూశాను.

గొలుసుకి నూనె వేయించాక
సైకిలు నోరు మూసుకుంది.
మిగతావాటికి అప్పుడు వంతొచ్చింది.
తూము దగ్గర నీళ్లు పుక్కిలించడం,
చేపల చెరువులో రాత్రంతా తిరిగిన మర
ఒక్కసారిగా ఆగిపోవడం,
ఎవరి పెరట్లోనో ఎండుమట్ట రాలిపడటం,
ఆ తర్వాత కాసేపు ఏమీ లేకపోవడం.

కొబ్బరి నీడలో కోకో చెట్లు
కాయల్ని కొమ్మ చివర దాకా పోనివ్వవు,
మొదలుకే అంటిపెట్టుకుని ఉంచుకుంటాయి.
తీగకి పందిరేసే పని లేదు, ఎక్కి కోసే పని లేదు.
దాటేటప్పుడు ఒక కాయని వేలితో తట్టి వెళ్తాను,
హాజరు వేసినట్టు.

అక్కణ్ణించి గట్టు.

మొదటిరోజు సగం ఏటవాల్లోనే దిగిపోయి
ఎవరైనా చూశారేమోనని
గాలి తగ్గిందన్నట్టు టైరు నొక్కాను.
నడిపించుకుంటూ పైకి వెళ్తే
అటు లంక వైపు నుంచి ఎక్కుతూ
సగంలో ఆగిపోయినాయన ఒకడు,
వెనక చక్రం కింద ఇటుక.
సైకిలుకి ఎనిమిది చక్రకేళి గెలలు.
ఆయన దాని మీద ఎక్కగా నేనింతవరకూ చూళ్లేదు,
గెలలే ఎక్కుతాయి.

నా సైకిలు పడుకోబెట్టి వెనకనించి తోశాను.
ఎవరూ ఎవర్నీ అడగలేదు.
పైన ఇద్దరం ఊపిరి కోసం నిలబడ్డాం.
"ఆయ్" అన్నాడు, అంతే.
దాన్ని ఎటైనా అర్థం చేసుకోవచ్చు.

అరటి సొన మరక పోదు.
నిమ్మకాయ రుద్దాను, ఎండలో వేశాను,
చివరికి ఆ చుడీదారునే
మంగళవారానికీ శుక్రవారానికీ కేటాయించాను.
పేరు అబ్బులని తెలియడానికి రెండు నెలలు పట్టింది,
అదీ మార్కెట్టు నుంచి ఎవరో ఫోన్ చేస్తే.

ఒకరోజు అడగకుండానే
గట్టు అంచున, పైనించి జానెడు కింద,
బొటనవేలితో గీత గీశాడు.
"ఎనభై ఆరులో ఇక్కడిదాకా."
కింద గౌతమి సన్నగా,
ఇసుక పక్కన ఒత్తిగిలి పడుకుని ఉంది,
ఏమీ ఎరగనట్టు.
వాళ్లమ్మ మోసిందట మట్టి.
తట్టకి ఇంతని చెప్పాడు. మర్చిపోయాను.
పన్నెండడుగుల ఎత్తుని తట్టలతో భాగిస్తే
ఎంతొస్తుందో
ఆ వారమంతా క్లాసులో ఎవర్నీ అడగలేకపోయాను.

"లెక్కల్లో ఈసారి ఎంతమంది గట్టెక్కుతారు?"
అంటారు హెడ్మాస్టరు.
నాకు ఇటుక కనిపిస్తుంది.

ఇవాళ శుక్రవారం.
దిగకుండా ఎక్కేశాను.
మూడొంతుల దగ్గర హ్యాండిల్ వణికింది,
దూరం చూశాను, మంచు తప్ప ఏమీ లేదు,
ఆ మంచునే చూస్తూ తొక్కాను.
పైన ఎవరూ లేరు.
చెప్పుకోడానికి మనిషి లేని గెలుపుని ఏం చేస్తారు,
కాస్త నీళ్లు తాగాను.

తర్వాత లంక వైపు దిగాను, మొదటిసారి.
అటు నుంచి చూస్తే గట్టు ఇంకా ఎత్తు.
ఇటుక గడ్డిలో పక్కకి పెట్టి ఉంది,
మళ్లీ వచ్చేవాడు పెట్టినట్టు, జాగ్రత్తగా.
దాని పక్కనే కూర్చున్నాను.

అరటి తోపులో ఆకులు పక్కకి జరుగుతున్న చప్పుడు.
గాలి కాదు.
గాలికి అంత బరువుండదు.